కాలమే ప్రమాణం: పేగుల శోథవ్యాధి, పెద్దపేగు క్యాన్సర్ – మెదక్ నేపథ్యంలో చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

జనవ్యవహారంలో రక్త విరేచనాలు, బంక విరేచనాలు అనే మాటలు అంటువ్యాధినే సూచిస్తాయి. 1912లో కలకత్తాలో లియోనార్డ్ రోజర్స్ ఎమెటిన్ సూదిమందును ప్రవేశపెట్టడంతో అమీబా విరేచనాలకు గట్టి మందు లభించింది. కానీ అవే లక్షణాలతో కనిపించే అల్సరేటివ్ కొలైటిస్ అంటువ్యాధి కాదు. ఏళ్ల తరబడి కొనసాగితే అది పెద్దపేగు క్యాన్సర్‌కు దారితీయగలదు. ఈ ఎరుక రూపొందిన క్రమాన్ని, మెదక్ వంటి పట్టణానికి దాని ప్రాధాన్యాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఎరుక పరిణామం

1859లో లండన్ వైద్యుడు శామ్యూల్ విల్క్స్ రచనలో అల్సరేటివ్ కొలైటిస్ ప్రత్యేక వ్యాధిగా ప్రస్తావనకు వచ్చింది. ఈ వ్యాధి ఉన్నవారిలో క్యాన్సర్ రావడాన్ని 1925లో న్యూయార్క్‌లో క్రోన్, రోసెన్‌బర్గ్ నమోదు చేశారు. క్యాన్సర్‌కు ముందే పేగు పొర కణాల్లో మార్పులు కనిపిస్తాయని 1967లో మోర్సన్, పాంగ్ నిరూపించారు. తరువాత వచ్చిన కొలనోస్కోపీ ఆ మార్పులను వెదికే సాధనమైంది. 2001లో ఈడెన్ బృందం పూర్వ అధ్యయనాలను క్రోడీకరించి, అల్సరేటివ్ కొలైటిస్ రోగుల్లో క్యాన్సర్ ముప్పు 10 ఏళ్లకు 2 శాతం, 20 ఏళ్లకు 8 శాతం, 30 ఏళ్లకు 18 శాతమని అంచనా వేసింది. 2012 నాటి డెన్మార్క్ అధ్యయనం ఈ ముప్పు తగ్గుముఖం పట్టిందని చూపింది. అయినా చిన్న వయసులో వ్యాధి సోకినవారికి, దీర్ఘకాల రోగులకు, పిత్తనాళాల శోథ ఉన్నవారికి అది ఎక్కువగానే ఉందని పేర్కొంది.

మెదక్ సందర్భం

2016 అక్టోబరు 11 వరకు మెదక్ జిల్లా పాలన సంగారెడ్డి నుండి సాగేది; ఆ తరువాతే మెదక్ పట్టణం జిల్లా కేంద్రమైంది. ఇక్కడి నుండి హైదరాబాదు సుమారు 100 కిలోమీటర్లు. పేగుల శోథవ్యాధి నగరవాసులదే అన్న భావనను హైదరాబాదులోని ఏఐజీ పరిశోధకులు 2023లో ప్రచురించిన అధ్యయనం ప్రశ్నించింది. జీర్ణకోశ సమస్యలతో వచ్చిన గ్రామీణుల్లోనూ ఈ వ్యాధి నగరవాసులతో దాదాపు సమాన నిష్పత్తిలో కనిపించింది.

వ్యాధి మొదలై 8 ఏళ్లయ్యాక క్యాన్సర్ కోసం కొలనోస్కోపీ పరీక్షలు ప్రారంభించాలన్నది ప్రామాణిక సూచన. ఈ లెక్క రోగనిర్ధారణ జరిగిన రోజు నుండి కాక, లక్షణాలు మొదలైన నాటి నుండి సాగుతుంది. ఆరేళ్లు బంక విరేచనాల మందులతో గడిపిన వ్యక్తికి వ్యాధి బయటపడేనాటికి మిగిలేది రెండేళ్ల వ్యవధి మాత్రమే.

ముగింపు

ఈ ముప్పు చరిత్ర ప్రధానంగా ఏళ్లను లెక్కించడం నేర్చుకున్న చరిత్ర. అందువల్ల రక్తం మొదట ఎప్పుడు కనిపించిందన్న వివరం రోగి చీటీపై నమోదు కావడం, మందులకు లొంగని విరేచనాలను మళ్లీ పరీక్షించడం మెదక్ వంటి చోట్ల ప్రాణరక్షణకు తొలి మెట్లు.