పేగు బ్యాక్టీరియా – కీళ్లవాతం: పరిశోధన చరిత్ర

ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థ సొంత కణజాలం మీదే తిరగబడితే వచ్చే జబ్బులను ఆటోఇమ్యూన్ వ్యాధులంటారు. వేళ్ల కీళ్లు వాచి, పొద్దున లేవగానే బిగుసుకుపోయే రుమటాయిడ్ కీళ్లవాతం వీటిలో బాగా తెలిసినది. ఈ జబ్బులకు జన్యువులు ఒక్కటే కారణం కాదని, పేగులో కాపురముండే బ్యాక్టీరియాకూ పాత్ర ఉందని గత 30 ఏళ్ల పరిశోధన చెబుతోంది. ఈ చరిత్రలో తెలుగువారి వాటా చిన్నది కాదు. అయితే అందులో చెప్పుకోదగ్గ భాగం జబ్బును కాక, మందును కనిపెట్టే క్రమంలో జరిగింది.

జీర్ణశక్తికి, కీళ్లకు ముడిపెట్టడం పాత ఆలోచనే. ఆయుర్వేద గ్రంథం మాధవనిదానం ఆమవాతానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయం కేటాయించి, అరగని ఆహారం నుంచి పుట్టే ఆమమే దానికి మూలమంది. బ్యాక్టీరియా ఊసు అందులో లేదు. దాన్ని నేటి పరిశోధనకు ముందుమాటగా చదవడం సరికాదు.

ఆధునిక వైద్యంలో తొలి గట్టి అడుగు స్వీడన్‌లో పడింది. కీళ్లవాతానికి బ్యాక్టీరియా కారణమని నమ్మిన వైద్యురాలు నన్నా స్వార్ట్జ్, 1930ల చివర సల్ఫా మందును సాలిసిలేటుతో జతచేసి సల్ఫసలజీన్ తయారుచేయించారు. అది మొదట పేరు తెచ్చుకున్నది మాత్రం పెద్దపేగులో పుండ్లు పడే అల్సరేటివ్ కోలైటిస్‌లో. ఆ రెండు భాగాలనూ విడదీసి మందును పనిలోకి దించేది పెద్దపేగులోని బ్యాక్టీరియానే అని 1972లో తేలింది. కీళ్లవాతానికి సల్ఫసలజీన్‌ను ఇప్పటికీ రాస్తున్నారు.

రెండో దారి భీమవరం నుంచి మొదలైంది. 1895 జనవరి 12న అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, తన సోదరులిద్దరిని స్ప్రూ జబ్బుకు కొద్ది రోజుల తేడాతో పోగొట్టుకున్నారు. చిన్నపేగు ఆహారాన్ని ఇముడ్చుకోలేక, విరేచనాలతో, రక్తహీనతతో మనిషి శుష్కించిపోయే జబ్బు ఇది. ఆయనకూ సోకితే ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారు. స్ప్రూ ఆటోఇమ్యూన్ వ్యాధి కాదు. కానీ పేగులో బ్యాక్టీరియా అదుపు తప్పితే ఒళ్లంతా ఎలా చెడుతుందో అది చూపించింది. తరవాతి దశాబ్దాల్లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో సెల్విన్ బేకర్, వి.ఐ. మాథన్ దక్షిణాది పల్లెల్లోని స్ప్రూ మీద ఏళ్ల తరబడి పనిచేశారు.

1922లో అమెరికా చేరిన సుబ్బారావు, 1940లో లెడర్లే ప్రయోగశాలల పరిశోధన బాధ్యత చేపట్టారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆయన నేతృత్వంలోనే బెంజమిన్ డగ్గర్ తొలి టెట్రాసైక్లిన్ యాంటీబయాటిక్ అయిన ఆరియోమైసిన్‌ను వెలికితీశారు. స్ప్రూకు నేటికీ ఇచ్చే మందులు ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్‌లే. సోదరులను బలిగొన్న జబ్బుకు మందు రెండు వైపులనుంచీ ఆయన ప్రయోగశాలలోనే దొరికిందన్నమాట.

అదే బృందం ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉంటూ దాని పనిని అడ్డుకునే పదార్థాలనూ తయారుచేసింది: అమినోప్టెరిన్, 1947 నాటి మెథోట్రెక్సేట్. వీటిని మొదట పిల్లల రక్త క్యాన్సర్‌కు వాడారు. 1951లో అమెరికా వైద్యుడు గబ్నర్, అమినోప్టెరిన్‌తో కీళ్లవాతం, సోరియాసిస్ తగ్గుముఖం పట్టాయని ప్రకటించేనాటికి సుబ్బారావు లేరు. 1948 ఆగస్టులో కన్నుమూశారు. అమెరికాలో కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ అనుమతి పొందింది 1988లో. ఇవాళ ప్రపంచమంతటా ఈ జబ్బుకు వైద్యులు మొదట రాసేది ఇదే. గుంటూరులోనైనా, ఒంగోలులోనైనా కీళ్లవాతం రోగి చీటీలో వారానికి ఒక్కసారి మెథోట్రెక్సేట్, దాని దుష్ఫలితాలు తగ్గించడానికి ఫోలిక్ ఆమ్లం పక్కపక్కనే కనిపిస్తాయి. పొరపాటున మెథోట్రెక్సేట్‌ను రోజూ వేసుకుంటే ప్రాణాపాయం.

పేగు బ్యాక్టీరియా పాత్రకు తిరుగులేని ప్రయోగం 1994లో అమెరికాలో జరిగింది. వెన్ను బిగుసుకుపోయే జబ్బుతో ముడిపడిన హెచ్‌ఎల్‌ఏ–బి27 జన్యువును ఎలుకలకు ఎక్కిస్తే పేగు, కీళ్లు వాచాయి. అవే ఎలుకలను ఏ సూక్ష్మజీవీ సోకని గదుల్లో పెంచితే ఆ వాపు రాలేదు. జన్యువు ఉన్నా, బ్యాక్టీరియా లేకపోతే జబ్బు లేదు.

తరవాతి మలుపు 2013. న్యూయార్క్‌లో జోస్ షెర్, డాన్ లిట్‌మన్ బృందం కొత్తగా కీళ్లవాతం వచ్చినవారిలో 75 శాతం మంది మలంలో ప్రెవొటెల్లా కోప్రి అనే బ్యాక్టీరియాను చూసింది. ఆరోగ్యవంతుల్లో అది 21 శాతం మందిలోనే కనిపించింది. దోషి దొరికినట్టే అనిపించింది.

అయితే ఈ లెక్క తెలుగు నేలకు అతకదు. 2010లో ఇటలీ శాస్త్రవేత్తలు, జొన్న, సజ్జ తినే బుర్కినా ఫాసో పిల్లల పేగుల్లో ప్రెవొటెల్లా దండిగా ఉందని, ఫ్లోరెన్స్ పిల్లల్లో లేదని చూపారు. 2015లో అస్సాం, మణిపూర్, సిక్కింలతోపాటు తెలంగాణ గిరిజనులనూ పరిశీలించిన అధ్యయనంలోనూ ప్రెవొటెల్లాదే పైచేయి. పీచున్న ధాన్యం తినే పేగులో అది మామూలు నివాసి. 2019లో మరో ఇటలీ బృందం ప్రెవొటెల్లా కోప్రి ఒకటి కాదని, నాలుగు వేర్వేరు శాఖలని, పాశ్చాత్య జీవనానికి దూరంగా ఉన్నవారిలో ఆ నాలుగూ కలిసి బతుకుతాయని తేల్చింది. న్యూయార్క్‌లో అనుమానితురాలైన బ్యాక్టీరియాను ఇక్కడ అదే పేరుతో దోషిని చేయడం తొందరపాటు.

పల్నాడు, మార్కాపురం వంటి మెట్ట ప్రాంతాల్లో ఒకప్పటి తిండి జొన్న, సజ్జ, వరిగ, కొర్ర. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు, వరి విస్తరించింది. మెట్ట చేలల్లో పత్తి, మిర్చి పాగావేశాయి. 1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం పేదింటికీ వరి అన్నం తెచ్చింది. ఆకలి తీర్చిన మార్పును తప్పుపట్టలేం. కానీ ఒకటి రెండు తరాల్లో కంచంలో ఇంత మార్పు వచ్చిన జిల్లాల్లో పేగు బ్యాక్టీరియాను, కీళ్లవాతాన్ని కలిపి చదవడం అత్యవసరమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

దానికి దగ్గరగా వచ్చిన పని హైదరాబాదులో జరిగింది. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో ఎస్. శివాజీ బృందం 2018లో, తరచూ ఆటోఇమ్యూన్ స్వభావమున్న యువియైటిస్ అనే కంటి వాపు ఉన్నవారి పేగు బ్యాక్టీరియాను ఆరోగ్యవంతులతో పోల్చింది. వాపును అణచే బ్యూటిరేట్‌ను తయారుచేసే ఫీకాలిబ్యాక్టీరియం వంటివి రోగుల్లో తగ్గాయి. కొన్ని ప్రెవొటెల్లా రకాలు పెరిగాయి. చూసింది కొద్దిమందినే. అయినా పోలిక ఇక్కడి రోగులకూ ఇక్కడి ఆరోగ్యవంతులకూ మధ్య జరిగింది. దాని విలువంతా అందులోనే ఉంది.

2021లో కథ మళ్లీ సుబ్బారావు మందు దగ్గరికి చేరింది. మెథోట్రెక్సేట్ అందరికీ ఒకే తీరున పనిచేయదు. మందు మొదలుపెట్టకముందు పేగులో ఉన్న బ్యాక్టీరియాను బట్టి అది ఎవరికి పనిచేయదో కొంతవరకు ముందే అంచనా వేయవచ్చని షెర్ బృందం చూపింది. అదే ఏడాది కాలిఫోర్నియాలో పీటర్ టర్న్‌బా బృందం, మెథోట్రెక్సేట్ పేగు బ్యాక్టీరియా మీదా పనిచేస్తుందని, అలా మారిన బ్యాక్టీరియా రోగనిరోధక కణాలను తక్కువగా రెచ్చగొడుతుందని చెప్పింది. ఫోలేటు, అంటే ఫోలిక్ ఆమ్లం కోవలోని విటమిన్, మనిషి కణాలకే కాదు, బ్యాక్టీరియాకూ అవసరం. అందుకే ఫోలేటు దారిని మూసే మందు రెంటినీ తాకుతుంది.