కొలువు దాకా నడిపించేదెవరు?

గోదావరి డెల్టాలో పనికి కొదవ లేదంటారు. అయినా రామచంద్రపురం కుర్రాళ్లు కాకినాడకో హైదరాబాదుకో, కోనసీమ ఆడవాళ్లు కువైట్‌కో వెళుతూనే ఉన్నారు. వీళ్లకు పని నేర్పి కొలువు చూపించే బాధ్యతను ప్రభుత్వాలు ఎవరి చేతిలో పెట్టాయి, ఏం సాధించమన్నాయి?

1945లో, యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల కోసం ఉపాధి కార్యాలయాలు పుట్టాయి. పేరు నమోదు చేసుకోవడం, ఖాళీ వస్తే కబురు పంపడం వాటి పని. 1950లో వృత్తి శిక్షణ పథకం కింద ఐటీఐలు మొదలయ్యాయి. 1961లో అప్రెంటిస్ చట్టం వచ్చింది. ఇన్నిటిలోనూ సీట్లు, సర్టిఫికెట్లే ప్రధానం.

ఆ వరస మారింది 2005లో. ఉమ్మడి రాష్ట్రంలో గ్రామీణాభివృద్ధి శాఖ కింద ఉపాధి కల్పన, మార్కెటింగ్ మిషన్ (ఈజీఎంఎం) వచ్చింది. దాన్ని నడిపిన మీరా షెనాయ్ ముందు కంపెనీల గడప తొక్కి, వాళ్లకు ఎలాంటి మనుషులు కావాలో కనుక్కుని, ఆ తర్వాతే పేదింటి పిల్లలకు శిక్షణ పెట్టారు. ఇంగ్లీషు, కంప్యూటరు, కొలువులో మెలగవలసిన తీరు నేర్పే కేంద్రాలు పల్లె పిల్లలకు అందాయి. ఈ చరిత్రలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే. ఇక్కడ కొలువే లక్ష్యం, శిక్షణ దానికి దారి. రాష్ట్ర విభజన తర్వాత మన వైపు ఆ బాధ్యత ఉపాధి కల్పన, వ్యాపార సంస్థల అభివృద్ధి సొసైటీ అయిన సీడాప్‌కు వచ్చింది.

2014లోనే ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ కూడా ఏర్పడింది. తొలి సారథి గంటా సుబ్బారావు. ఇంజినీరింగు విద్యార్థుల దాకా దాని పరిధి విస్తరించింది. ప్రభుత్వం మారాక ప్రతి నియోజకవర్గానికీ ఒక స్కిల్ హబ్ అన్నారు. 2023 సెప్టెంబరు 9న ఆ సంస్థకు సంబంధించిన కేసులో చంద్రబాబు నాయుడు అరెస్టయ్యాక చర్చంతా నిధుల మీదికి, కోర్టుల మీదికి మళ్లింది. నేర్చుకున్న పిల్లలు ఎక్కడ స్థిరపడ్డారన్న ప్రశ్న వెనకబడిపోవడం బాధ కలిగించింది.

2024 జూన్‌లో చంద్రబాబు మళ్లీ ముఖ్యమంత్రి అయ్యాక పెట్టిన తొలి సంతకాల్లో నైపుణ్య గణన ఫైలు ఒకటి. రామచంద్రపురం నుంచి గెలిచిన వాసంశెట్టి సుభాష్ కార్మికశాఖ మంత్రి అయ్యారు. నైపుణ్య శిక్షణ మాత్రం నారా లోకేశ్ చూసే మానవ వనరుల పరిధిలోకి వెళ్లింది. పని చేసేవాళ్ల బాగోగులు ఒకరి దగ్గర, పని నేర్పడం మరొకరి దగ్గర ఉన్నప్పుడు ఆ రెండు శాఖలూ నైపుణ్య గణనలో తేలిన ఒకే చిట్టా చూడాలి. కొబ్బరి దింపు కార్మికుడి నేర్పు, రైసుమిల్లు మెకానిక్ అనుభవం కూడా ఆ చిట్టాకు ఎక్కాలి. శిక్షణ ముగిసిన ఏడాదికి ఎంతమంది అదే కొలువులో ఉన్నారో, ఎంత జీతం తీసుకుంటున్నారో నియోజకవర్గాల వారీగా ప్రకటించాలి.