తీవ్ర గుండె వైఫల్యం: ఆసుపత్రుల అత్యవసర చికిత్స, ఫలితాల పోలిక

గుండె వైఫల్యమంటే గుండె ఆగిపోవడం కాదు; శరీరానికి చాలినంత రక్తాన్ని గుండె పంపు చేయలేకపోవడం. ఈ స్థితి ఒక్కసారిగా తీవ్రమైనపుడు ఊపిరితిత్తులలో నీరు చేరి, ఊపిరాడని రోగిని అత్యవసర విభాగానికి తరలించవలసి వస్తుంది. ఇట్టి రోగులకు ఏ ఆసుపత్రి మెరుగైన వైద్యం అందిస్తున్నదో నిర్ణయించుటకు ఆసుపత్రిలో సంభవించిన మరణాల శాతం ఒక్కటే కొలమానం కాజాలదని దేశ విదేశాల రిజిస్ట్రీలు స్పష్టం చేస్తున్నాయి.

తిరువనంతపురం రిజిస్ట్రీ

కేరళలోని తిరువనంతపురంలో 2013 జనవరి నుండి డిసెంబరు వరకు 13 పట్టణ, 5 గ్రామీణ ఆసుపత్రులలో చేరిన 1,205 మంది రోగుల వివరాలు నమోదు చేయబడినవి. వారి సగటు వయస్సు 61 సంవత్సరాలు. 72 శాతం మందిలో గుండె రక్తనాళాల జబ్బు ఇందుకు మూలకారణం. ఆసుపత్రిలోనే మరణించినవారు 8.5 శాతం కాగా, ఐదేళ్లు గడిచేసరికి మరణాలు 59 శాతానికి చేరినవి. గుండె సంకోచశక్తి తగ్గిన రోగులలో నిర్దేశిత మందులన్నీ పొంది ఇంటికి వెళ్లినవారు 25 శాతం మాత్రమే.

రోగుల స్థితిలో వ్యత్యాసం

అమెరికాలోని అడ్హియర్ రిజిస్ట్రీ ఆధారంగా 2005లో వెలువడిన విశ్లేషణ ప్రకారం, చేరిన సమయానికి రక్తంలో యూరియా, క్రియాటినిన్ బాగా పెరిగి, రక్తపోటు తగ్గినవారిలో ఆసుపత్రి మరణాలు 21.9 శాతం. యూరియా తక్కువగా, రక్తపోటు తగినంతగా ఉన్నవారిలో ఇవి 2.1 శాతమే. కావున విషమ స్థితిలోని రోగులు ఎక్కువగా చేరే పెద్దాసుపత్రిలో మరణాలు అధికంగా కనిపించడం సహజం. విషమించిన రోగులను వేరొకచోటికి పంపే ఆసుపత్రిలో అవి తక్కువగా కనిపిస్తాయి.

తొలి గంట చికిత్స

అత్యవసర విభాగంలో వెంటనే ఇ.సి.జి. తీయడం, రక్తంలో ఆక్సిజన్ 90 శాతం కంటే తగ్గినవారికి ఆక్సిజన్ పెట్టడం, ఊపిరి కష్టమైనవారికి మాస్కు ద్వారా శ్వాస అందించడం, ఒంట్లో చేరిన నీటిని తొలగించే ఫ్యూరోసెమైడ్ ఇంజక్షన్ ఇవ్వడం ముఖ్యమైనవి. ఈ ఇంజక్షన్‌ను 60 నిమిషాలలోపు పొందినవారిలో ఆసుపత్రి మరణాలు 2.3 శాతం, ఆలస్యంగా పొందినవారిలో 6 శాతం అని 2017లో జపాన్ అధ్యయనం తెలిపినది. అయితే 2018లో వెలువడిన కొరియా అధ్యయనంలో ఇట్టి తేడా కానరాలేదు.

డిశ్చార్జి అనంతరం

దేశంలోని 21 రాష్ట్రాలకు చెందిన 53 ఆసుపత్రులు పాల్గొన్న జాతీయ గుండె వైఫల్య రిజిస్ట్రీలో 10,851 మంది వివరాలు నమోదైనవి. 90 రోజులలో 14.2 శాతం మంది మరణించారు. అర్హులైన రోగులలో నిర్దేశిత మందులు పొందినవారు 47.5 శాతం. డిశ్చార్జి అనంతరం రెండు వారాలలోగా మందులను పూర్తి మోతాదుకు పెంచి, తరచుగా పరీక్షించినచో 180 రోజులలో మరణం లేదా తిరిగి ఆసుపత్రిలో చేరడం 23.3 నుండి 15.2 శాతానికి తగ్గినట్లు 2022లో వెలువడిన స్ట్రాంగ్-హెచ్.ఎఫ్. అధ్యయనం నిరూపించినది.

పోలికలో పరిశీలించవలసిన అంశాలు

• చేరిన సమయానికి రోగుల వయస్సు, రక్తపోటు, మూత్రపిండాల పనితీరు
• ఇతర ఆసుపత్రుల నుండి వచ్చినవారి, ఇతర ఆసుపత్రులకు పంపబడినవారి సంఖ్య
• వైద్యుల సలహాకు భిన్నంగా ఇంటికి వెళ్లినవారి వివరాలు
• తొలి చికిత్సకు పట్టిన సమయం
• డిశ్చార్జి నాటికి నిర్దేశిత మందులు పొందినవారి శాతం
• 30, 90 రోజులలో మరణాలు, తిరిగి చేరికలు

ఈ వివరాలను అన్ని ఆసుపత్రులలో ఒకే నమూనాలో సేకరించినపుడే ర్యాంకులకు విలువ ఉంటుంది. లేనిచో విషమ రోగులను చేర్చుకొనే ఆసుపత్రులకే అపఖ్యాతి కలిగి, అట్టి రోగులను చేర్చుకొనుటకు ఆసుపత్రులు వెనుకాడే ప్రమాదమున్నది.