హిజిలీలో బాంబర్ల దొర

ఖరగ్‌పూర్ ఐఐటీ ఆవరణలోని ఆ పాత భవనం మన నిమ్‌పురా పిల్లలకు 1951లో ఐఐటీ చదువులు మొదలైన చోటుగా తెలుసు. పెద్దలకు జైలుగా తెలుసు. 1931 సెప్టెంబరు 16న పోలీసు కాల్పుల్లో సంతోష్‌కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా నేలకొరిగింది అక్కడే. ఈ రెంటికీ నడుమ జరిగిన కథ మాత్రం మనవాళ్లు పెద్దగా చెప్పుకోరు.

ఆ జైలు, అంటే హిజిలీ నిర్బంధ శిబిరం, 1942లో మూతపడింది. రెండేళ్లకు అమెరికా 20వ బాంబర్ కమాండ్ హిజిలీలో కొలువుదీరింది. కలైకుండా, దుధ్‌కుండీ, పియర్‌డోబా, చాకులియాల్లో బీ-29 బాంబర్ విమానాలు దిగాయి. 1944 జూన్ 5న ఆ మైదానాల నుంచి 98 విమానాలు తొలి దాడికి లేచాయి. దేనిమీదికి? బ్యాంకాక్‌లోని మక్కసాన్ రైల్వే కార్ఖానా మీదికి! రైల్వే కూడు తిని బతికిన మన ఊరి పొలిమేరల నుంచి మరో రైల్వే కార్ఖానా మీదికి. ఇది తలచుకుంటే నాకు మనసు చివుక్కుమంటుంది.

ఆగస్టు చివర్లో కర్టిస్ లెమే కమాండరుగా వచ్చాడు. వయసు 37. ఒహాయోలో పేదింటి బిడ్డ. రాత్రిళ్లు ఉక్కు పోత కార్ఖానాలో పనిచేస్తూ సివిల్ ఇంజనీరింగ్ చదివాడు. మన వర్క్‌షాపులోనైనా ఇమిడిపోయేవాడే. మాట తక్కువ, పట్టు ఎక్కువ. జపాన్ మీదికి వెళ్లాలంటే చైనాలోని చెంగ్డూలో ఆగాలి. అక్కడికి పెట్రోలు కూడా హిమాలయాల మీదుగా విమానాల్లోనే చేరాలి. వచ్చిన కొద్దిరోజులకే తానూ మంచూరియాలోని అన్షాన్ మీది దాడికి వెళ్లి, విమానాలు బారులు తీరే పద్ధతి మార్చి, సిబ్బందిని మళ్లీ శిక్షణకు కూర్చోబెట్టాడు. డిసెంబరు 18న చైనాలో జపాన్ ఆక్రమణలో ఉన్న హాంకౌ మీద నిప్పుబాంబులు వేయించాడు. ఆ ఊరు తగలబడిన తీరు అతనికి గుర్తుండిపోయింది.

1945 జనవరిలో ఇక్కడి నుంచి మరియానా దీవులకు బదిలీ. మార్చి 9 రాత్రి టోక్యో మీద అదే నిప్పుబాంబుల పద్ధతి. ఒక్క రాత్రిలో సుమారు లక్షమంది బూడిదయ్యారు. సమర్థుడు కాడని ఎవరూ అనలేరు. అంత సమర్థతకు మాత్రం చేయెత్తి దండం పెట్టలేను. 1964లో జపాన్ ప్రభుత్వమే అతనికి పతకమిచ్చింది, అది వేరే విడ్డూరం.

ఆ యుద్ధకాలంలో యార్డులో, వర్క్‌షాపులో పనిచేసిన తాతల మాటలు ఎవరింట్లోనైనా మిగిలి ఉంటే వచ్చే సంచికకు రాసి పంపండి.