నీళ్ళ మధ్య కొండ

ఖతార్‌లో నది లేదు. కొండలు కూడా లేవనే చెప్పాలి. ఈ దేశంలో అన్నిటికన్నా ఎత్తైన చోటు సముద్రం నుంచి 103 మీటర్లే. మన నాగార్జునసాగర్ ఆనకట్ట ఎత్తు సుమారు 124 మీటర్లు. ఆ గోడని ఇక్కడి సముద్రం ఒడ్డున నిలబెడితే ఖతార్ మొత్తం దాని కిందే ఉంటుంది!

సెలవులకు ఇండియా వెళ్ళినప్పుడు మన పిల్లలు సాగర్ చూస్తారు. లాంచీ ఎక్కుతారు, ఫోటోలు దిగుతారు. మంచిదే. కానీ లాంచీ కింద ఏముందో కూడా మనం చెప్పాలి.

ఈసారి నేర్చుకోవలసిన మాట "ముంపు". మునుగు నుంచి ముంపు వచ్చింది. ఆనకట్ట కడితే నీళ్ళ కిందికి పోయే ఊళ్ళను ముంపు గ్రామాలు అంటారు.

సాగర్ నీళ్ళ కింద ఒక లోయ ఉంది. 3, 4 శతాబ్దాలలో అక్కడ ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. రాజులు యజ్ఞాలు చేశారు. వాళ్ళ ఇంటి ఆడవాళ్ళు బౌద్ధులకు దానాలు చేశారు. వాసిష్ఠీపుత్ర చాంతమూలుడి సోదరి చాంతిసిరి మహాచైత్యానికి స్తంభాలు ఇచ్చింది. ఆమె పేరు రాతి మీద ఇప్పటికీ ఉంది.

1955 డిసెంబర్ 10న నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. లోయ మునిగిపోతుందని ముందే తెలుసు. అందుకే 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖ వాళ్ళు అక్కడ తవ్వకాలు చేశారు. ముఖ్యమైన కట్టడాలను కొండ మీద, ఒడ్డున ఉన్న అనుపు దగ్గర మళ్ళీ కట్టారు. 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. ఎన్నో ఎండిన పొలాలు పచ్చబడ్డాయి. లోయలో ఊళ్ళు ఉన్నవాళ్ళు మాత్రం ఇల్లూ పొలమూ వదిలి వెళ్ళారు. రాళ్ళను కొండ మీదికి ఎక్కించవచ్చు. ఊరిని ఎలా ఎక్కిస్తాం?

ఇప్పుడు నాగార్జునకొండ ఒక ద్వీపం. అయినా ఎవరూ ద్వీపం అనరు, కొండ అనే అంటారు. ఆ పేరు తప్పు కాదు. కొండ ఎక్కడికీ కదలలేదు, నీళ్ళే పైకి వచ్చాయి.

ఒక చిన్న సలహా. కొండ మీద మ్యూజియానికి శుక్రవారం సెలవు. మన ఖతార్ అలవాటు ప్రకారం శుక్రవారం బయలుదేరకండి. లాంచీలో కూర్చున్నాక పిల్లలను తెలుగులోనే అడగండి: "ఇది కొండ కదా, మరి లోయ ఏది?"