చితకని ద్రాక్షలోంచి పుట్టిన వైన్

1395 జులై నెలాఖరున బుర్గుండీ ప్రభువు ఫిలిప్ ఒక శాసనం జారీ చేశాడు. తన ఏలుబడిలో గమే అనే నల్లద్రాక్ష తీగ ఎక్కడ కనబడినా పెరికేయాలన్నది దాని సారం. ఆ ద్రాక్ష చెడ్డదని, నమ్మదగనిదని, దాని రసం మనుషుల ఒంటికి పడదని అందులో నిందలు గుప్పించాడు. ఆయన మనసంతా పినో ద్రాక్ష మీద ఉంది. పినో కాపు తక్కువ, పండటం ఆలస్యం, వాతావరణం కాస్త తేడా చేసినా దిగుబడి పోతుంది. గమే ముందే పండుతుంది, విరగకాస్తుంది. 1348 నాటి ప్లేగు మహమ్మారి తర్వాత కూలీలు దొరకని పల్లెల్లో రైతు దేన్ని నాటుకుంటాడో వేరే చెప్పాలా?

ఆ నిందలో ఎంత అన్యాయం ఉందో ఆరు వందల ఏళ్ల తర్వాత బయటపడింది. కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయంలో కారల్ మెరెడిత్ బృందం ఫ్రెంచి శాస్త్రవేత్తలతో కలిసి ఈశాన్య ఫ్రాన్సు ద్రాక్ష రకాల డీఎన్ఏను పరీక్షించి, 1999లో ఫలితాలను ప్రచురించింది. గమేకి ఒక జన్మదాత సాక్షాత్తూ పినో. రెండోది గూయే బ్లాఁ అనే తెల్లద్రాక్ష, పేద రైతుల దొడ్ల తీగ. లోకమంతా నెత్తిన పెట్టుకునే షార్దొనే కూడా ఈ రెండింటి సంతానమే. ప్రభువు వెళ్లగొట్టింది తాను ప్రేమించిన పినో బిడ్డనే.

గమేకి అసలైన ఇల్లు దక్షిణాన దొరికింది. బుర్గుండీకి దిగువన, లియోన్ నగరానికి ఎగువన ఉన్న గుట్టల సీమ బోజొలే. దాని ఉత్తర భాగంలో నేల గ్రానైటు. సున్నపురాతి నేలలో మందకొడిగా ఉండే గమే ఈ గ్రానైటు మీద పరిమళం పుంజుకుంటుంది. రంగు తేలిక, పులుపు చురుకు, వగరు తక్కువ. సోన్ నది వెంట దిగితే లియోన్ సంత. ఆ ఊళ్లో పట్టునేత కార్మికులు, చిన్న భోజనశాలలు, దాహం గల జనం. లియోన్‌కు మూడు నదులున్నాయి, రోన్, సోన్, బోజొలే అని అక్కడివాళ్లు ఇప్పటికీ అంటారు. అడుగు మందంగా ఉండి 46 సెంటీలీటర్లు పట్టే సీసాలో ఈ వైన్ భోజనపు బల్ల మీదికి వస్తుంది. రోజూ తాగే వైన్ కాబట్టి దాన్ని గొప్పగా చూసినవాళ్లు చాలాకాలం లేరు.

ఈ తేలికదనం ద్రాక్ష రకంతోనే రాలేదు, చేసే తీరులో సగం ఉంది. మామూలుగా ఎర్ర వైన్ చేసేవాళ్లు పళ్లను తొడిమల నుంచి విడదీసి, చిదిమి, రసాన్ని తొక్కలతో కలిపి పులియబెడతారు. రంగు తొక్కలోంచి దిగుతుంది. నేరేడు పండు తిన్నాక నాలుకను పట్టుకునే వగరు లాంటిది తొక్కలోంచీ గింజలోంచీ దిగుతుంది. ఆ వగరును ఇచ్చే పదార్థాలే టానిన్లు. బోజొలే రైతు మాత్రం గుత్తిని గుత్తిగానే చేత్తో కోసి, చిదమకుండా తొట్టిలో పోస్తాడు. యంత్రంతో కోస్తే పళ్లు రాలి పగిలిపోతాయి, అందుకే ఇక్కడ చేతికోత ముఖ్యం. పై బరువుకు అడుగు పళ్లు చితికి రసం ఊరుతుంది, పులియడం మొదలవుతుంది. అందులోంచి వెలువడే కార్బన్ డయాక్సైడ్ గాలికన్నా బరువు కాబట్టి తొట్టిని నింపేసి గాలిని పైకి నెట్టేస్తుంది. పైనున్న పళ్లు చెక్కుచెదరకుండా గాలి లేనిచోట చిక్కుకుంటాయి.

తాతల నాటి నుంచి ఇలాగే చేస్తున్నా, ఆ చిక్కుకున్న పండు లోపల ఏం జరుగుతోందో ఎవరికీ తెలీదు.

మొదట తలుపు తట్టింది లూయీ పాశ్చర్. గాలిలో ఉంచిన ద్రాక్షకూ కార్బన్ డయాక్సైడ్‌లో ఉంచిన ద్రాక్షకూ రుచిలో తేడా వస్తుందని 1872లో గమనించాడు. అయితే ఆ రోజుల్లో ఆయన పట్టుదల వేరు. పులియబెట్టేది ఈస్ట్ అనే సూక్ష్మజీవి అని లోకాన్ని ఒప్పించే పనిలో ఉన్నాడు. ఈ పరిశీలన పక్కన పడిపోయింది.

అరవై ఏళ్లు గడిచాయి. 1934లో దక్షిణ ఫ్రాన్సులోని నార్బొన్‌లో మిషెల్ ఫ్లాంజీ అనే పరిశోధకుడు వైన్ గురించి కాకుండా, తినే ద్రాక్షను ఎక్కువకాలం నిలవ ఉంచే దారి వెతుకుతున్నాడు. పళ్లను కార్బన్ డయాక్సైడ్‌లో దాచిపెట్టాడు. రెండు నెలల తర్వాత తీసి చూస్తే అవి సంతకు పనికిరావు. లోపల బుడగలు, కొరికితే నాలుకపై చిమచిమ, ఎక్కడి నుంచో సారా ఛాయ. నిలవ ప్రయోగం దెబ్బతింది. ఫ్లాంజీ వాటిని పారబోయలేదు, వైన్ చేసి చూశాడు. ఆ వైన్‌లో పండ్ల పరిమళం గుప్పుమంది, వగరు తగ్గింది. ఆ తర్వాత ఆయన జీవితంలో చాలా భాగం ఈ పద్ధతిని అర్థం చేసుకోవడానికే ఖర్చయింది.

లోపల జరిగేది ఇది. కోసిన తర్వాత కూడా ద్రాక్షపండు కణాలు బతికే ఉంటాయి. గాలి అందకపోతే అవి వేరే దారిలో శక్తి తెచ్చుకుంటాయి. ఈస్ట్ సాయం లేకుండా, తమ సొంత ఎంజైములతో, లోపలి చక్కెరలో కొంత భాగాన్ని ఆల్కహాల్‌గా మారుస్తాయి. సుమారు 2 శాతం దగ్గర ఆ ఆల్కహాల్‌కు కణాలే చచ్చిపోతాయి. ఈలోగా పదునైన మాలిక్ ఆమ్లం సగం వరకు కరిగిపోతుంది, నోటికి వైన్ మెత్తబడుతుంది. తొక్కలోని రంగు గుజ్జులోకి కొంత దిగుతుంది. గమే గుజ్జు పుట్టుకతో తెల్లనిదే కాబట్టి ఆ ఎర్రదనం కంటికి తెలుస్తుంది. గింజల టానిన్లు మాత్రం గింజల్లోనే ఉండిపోతాయి. మామూలు కార్ఖానాలో గానుగ పట్టకముందే కారే రసానికి విలువెక్కువ. ఇక్కడ లెక్క తారుమారు, పిండగా వచ్చిన రసమే మేలైనది, ఎందుకంటే పరిమళమంతా చితకని పండులోనే పుట్టింది. పిండిన తర్వాత ఈస్ట్ మిగతా చక్కెరను తీసుకుని పని ముగిస్తుంది.

ఈ సంగతి తెలిసిన తర్వాత గ్లాసులోని వైన్ వేరుగా కనిపిస్తుంది. దీనిలో బలం లేదని పెదవి విరిచేవాళ్లు టానిన్ల కోసం వెతుకుతున్నారు. వాటిని రైతు కావాలనే గింజలో వదిలేశాడు. వాటి స్థానంలో ఇచ్చింది వాసన. కాబట్టి నాలుకతో తూచే వైన్ కాదిది, ముక్కుతో చదవాల్సిన వైన్.

అలా చదవడం ఎలాగో పట్టుదలగా ఆలోచించినవాడు జూల్ షొవే. 1907లో పుట్టాడు. బోజొలే ఉత్తరపు అంచున, లా షపెల్-ద-గాంషే అనే ఊళ్లో వైన్ వర్తకుల ఇల్లు. వ్యాపారం చేస్తూనే రసాయనశాస్త్రంలో మునిగాడు, ఇంటి దగ్గరే ప్రయోగశాల పెట్టుకున్నాడు. కణాల శ్వాసక్రియ మీద పనిచేసి 1931లో నోబెల్ అందుకున్న ఒట్టో వార్బుర్గ్‌తో బెర్లిన్‌కు ఉత్తరాలు నడిపాడు. పల్లెటూరి వైన్ వర్తకుడికి ఆ శాస్త్రవేత్తతో పనేమిటని అనిపించవచ్చు. గాలి అందని కణం ఏం చేస్తుందన్నది వార్బుర్గ్ ప్రశ్న. చితకని ద్రాక్ష ఏం చేస్తుందన్నది షొవే ప్రశ్న. రెండూ ఒకే తీగకు పూసిన ప్రశ్నలు.

షొవే ముక్కు పేరుమోసినది. అయితే ఒకరి ముక్కుకు తెలిసింది ఇంకొకరికి చేరాలంటే ఇద్దరూ ఒకే రకం గ్లాసుతో చూడాలి. వెడల్పు మూతి గ్లాసులో వాసన గాలికి పోతుంది, నిండా పోస్తే వాసన నిలిచే చోటే ఉండదు. ఫ్రాన్సులో ప్రాంతీయ వైన్ల నియమాలను చూసే జాతీయ సంస్థ ఐ.ఎన్.ఏ.ఓ. పేరుతో రుచి పరీక్షకు తయారైన గ్లాసు రూపకల్పనలో షొవే చేయి ఉంది. కింద పొట్ట 65 మిల్లీమీటర్లు, పైన మూతి 46. మొత్తం 215 మిల్లీలీటర్లు పట్టే గ్లాసులో పోసేది 50 మాత్రమే. మిగతా ఖాళీ అంతా వాసన కోసం. 1977లో ఇదే అంతర్జాతీయ ప్రమాణం అయింది. ఎంతో చిన్నదిగా కనిపించే ఈ గ్లాసు తేలిక వైన్లకు చేసిన మేలు పెద్దది. బరువైన వైన్ ఏ లోటాలో పోసినా తన ఉనికి చాటుకుంటుంది, గమేకి అలాంటి ఆసరా కావాలి.

ఈలోగా బోజొలే పేరు మరో దారిలో మోగిపోయింది. కోత అయిన కొన్ని వారాలకే తాగే కొత్త వైన్ లియోన్‌లో పాత అలవాటు. 1951 శరదృతువులో ప్రభుత్వం ఆ ఏటి వైన్లను డిసెంబరు 15కి ముందు అమ్మరాదన్నప్పుడు రైతులు మొరపెట్టుకున్నారు. నవంబరులోనే అనుమతి వచ్చింది. అదే బోజొలే నువోకి అధికారిక పుట్టుక. 1985 నుంచి నవంబరు మూడో గురువారం దాని విడుదల రోజు. జార్జ్ ద్యుబెఫ్ లాంటి వర్తకులు దాన్ని టోక్యో వరకు పండుగ చేశారు. పండుగలో తప్పు లేదు. తొందర పెరిగాక కొన్ని చోట్ల ప్రయోగశాలల ఈస్ట్‌లతో వేగంగా పులియబెట్టి, అరటిపండు వాసన కొట్టే వైన్లు కుప్పలుగా వచ్చాయి. జనం మనసులో బోజొలే అంటే అదే అని ముద్రపడటం నాకు బాధ కలిగిస్తుంది. ఆ అరటి వాసన ఐసోఅమైల్ అసిటేట్ అనే పదార్థానిది. అందులో నేల ఊసు తక్కువ.

షొవే అప్పటికే ఎదురుదారి పట్టాడు. మందులు తగ్గించి పెంచిన ద్రాక్ష తొక్క మీద ఊరి ఈస్ట్‌లు బతికే ఉంటాయి, ఆరోగ్యమైన గుత్తుల్ని చల్లగా తొట్టిలోకి దించి శుభ్రంగా పనిచేస్తే చెడిపోకుండా కలిపే గంధకం వేయకుండానే వైన్ నిలబడుతుందన్నది ఆయన వాదం. బోజొలేలోని మోర్గోన్‌లో ద్రాక్ష రైతు మార్సెల్ లాపియేర్ ఆ మాట విన్నాడు. 1973లో తండ్రి తోట చేతికొచ్చినవాడు, 80ల్లో షొవే దగ్గర నేర్చుకున్నాడు. జాఁ ఫొయార్, గీ బ్రెతోఁ, జాఁ-పోల్ తెవెనే అనే తోటి రైతులు అతనితో కలిశారు. షొవే 1989లో, లాపియేర్ 2010లో పోయారు. ఇవాళ ప్రపంచమంతా సహజ వైన్ అని చెప్పుకునే ఉద్యమానికి ఈ గుట్టలే మొదలు.

తాగేటప్పుడు ఏం చూడాలి? మొదట వేడి. ఎర్ర వైన్ గది ఉష్ణోగ్రతలో తాగాలన్న మాట చలిదేశపు పాత ఇళ్లలో పుట్టింది. హైదరాబాదులోనో విజయవాడలోనో మే నెల గదిలో ఉంచిన సీసా తెరిస్తే ఆల్కహాల్ ఘాటు తప్ప ఇంకేమీ రాదు. ఫ్రిజ్‌లో ఒకటి రెండు గంటలు ఉంచి, 13, 14 డిగ్రీల దగ్గర పోసుకోవాలి. మరీ చల్లబడితే పరిమళం మూసుకుపోతుంది, అప్పుడు గ్లాసును అరచేతుల్లో కాసేపు పట్టుకుంటే చాలు.

పోశాక వెంటనే తిప్పొద్దు. కదపకుండా ఒకసారి వాసన చూడాలి. వయొలెట్, పియోనీ లాంటి పూల వాసనలు, నిలవనివి, ముందు పలికేవి, అప్పుడే దొరుకుతాయి. తర్వాత మెల్లగా తిప్పితే రాస్ప్‌బెర్రీ, చెర్రీ లాంటి ఎర్రపండ్ల వాసన లేస్తుంది. తెల్లకాగితం మీద వంచితే అంచు ఊదాఛాయలో ఉంటే వయసు చిన్నది, ఇటుకరంగు తిరిగితే ఏళ్లు గడిచాయి. చిన్న గుక్క తీసుకుని నోట్లో అటూ ఇటూ తిప్పండి. చెంపల లోపల నీరు ఊరితే అది పులుపు పని. చిగుళ్ల దగ్గర సన్నగా వగరు తగలాలి, నాలుకను బిగించకూడదు. వృత్తిగా రుచి చూసేవాళ్లు ఉమ్మేస్తారు, అందులో అమర్యాద లేదు. మింగినా ఉమ్మినా, ఆ తర్వాత పండు వాసన ఎంతసేపు వెంట ఉందో గమనించడమే అసలు పరీక్ష.

వీలుంటే ఒకే ఏటి సీసాలు రెండు తెచ్చుకోండి. ఒకటి షిరూబ్ల్, బోజొలేలోని పది మేటి ఊళ్లలోకెల్లా ఎత్తున ఉన్నది. రెండోది మూలాఁ-ఆ-వాఁ, మాంగనీసు కలిసిన గులాబీరంగు గ్రానైటు నేల. మధ్య దూరం కొద్ది కిలోమీటర్లు. రెంటిలోనూ ఉన్నది గమేయే. ఒకే రకం గ్లాసుల్లో పక్కపక్కన పోస్తే షిరూబ్ల్ పూల వైపు వెళ్తుంది, ఆ ఏడాదో మరుసటి ఏడాదో తాగేయదగ్గది. మూలాఁ-ఆ-వాఁ ముదురు రంగులో, కాస్త బిగువుగా, ఇంకా విప్పుకోనట్టు ఉంటుంది. మంచి ఏడాది సీసా అయితే దాన్ని పదేళ్లు కూడా పక్కన పెట్టవచ్చు.