తీపి లెక్కలు ఎవరి ఖాతాలో?

"మీరు రోజుకి ఎన్ని తియ్యటి పానీయాలు తాగుతారు?" అన్నది మొదటి ప్రశ్న. ఎల్బీనగర్ అవతల ఒక ఇంజనీరింగ్ కాలేజీలో చివరి సంవత్సరం చదువుతున్న నలుగురు పిల్లలు, ముగ్గురమ్మాయిలూ ఒక అబ్బాయీ, ప్రాజెక్టు కోసం ఒక యాప్ తయారు చేస్తున్నారు. చక్కెర పానీయాలు తగ్గించుకోవాలనుకునేవాళ్లకి సాయపడే యాప్. ఇంగ్లీషులో తెరలన్నీ సిద్ధంగా ఉన్నాయి, తెలుగులో పెట్టిమ్మని నా దగ్గరికొచ్చారు. గంటలో అయిపోతుందనుకున్నారు. మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయాం.

'తియ్యటి పానీయం' అనే మాట తెలుగువాళ్లెవరూ నోటితో అనరు. 'కూల్ డ్రింక్' అందామంటే అది చల్లగా ఉండి, సీసాలో వచ్చి, డబ్బిచ్చి కొనేది మాత్రమే. ఛాయ్ అందులోకి రాదు. హార్లిక్స్, బూస్ట్ 'బలానికి' ఇచ్చేవి గనక రావు. రస్నా పిల్లలది. పానకం ప్రసాదం. శ్రీరామనవమి నాడు మిరియాలూ ఏలకులూ వేసి కలిపిన బెల్లప్పానకాన్ని, మంగళగిరి కొండమీద నరసింహస్వామి నోట్లో పోసే పానకాన్ని చక్కెర పానీయాల జాబితాలో చేరిస్తే కోప్పడేవాళ్లే ఎక్కువ. రంజాన్ నెల ఇఫ్తార్‌లో రూహ్ అఫ్జా సంగతీ అంతే. గోలీ సోడా, బండిమీద చెరకురసం, గోదావరి జిల్లాలో రామచంద్రపురం ఆర్టోస్ - ఇవన్నీ వేరువేరు పేర్లతో, వేరువేరు మర్యాదలతో మన జీవితాల్లోకొచ్చాయి. పిల్లల జాబితాలో ఉన్నవి పది కంపెనీ సీసాలు. కొన్నది లెక్కలోకి వచ్చింది, ఇంట్లో కాచి కలిపింది రాలేదు. ఇంటి చాకిరీ జాతీయాదాయంలోకి రాకపోవడం గురించి ఎన్నేళ్లుగానో రాసుకుంటున్న మనకి ఈ వరస కొత్తదేం కాదు.

మామూలు కోలాలో 100 మిల్లీలీటర్లకి దాదాపు 10 గ్రాముల చక్కెర ఉంటుంది. పావులీటరు సీసా తాగితే 25 గ్రాములు. 2024 మేలో జాతీయ పోషకాహార సంస్థ విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు విడిగా కలిపే చక్కెరని రోజుకి 25-30 గ్రాములు దాటనీయొద్దంటున్నాయి. అంటే ఒక్క సీసాతో ఆ రోజు కోటా దాదాపు అయిపోయినట్టే. రెండేసి చెంచాల చక్కెరతో నాలుగు ఛాయ్‌లు తాగిన మనిషి కూడా చెంచాకి అయిదు గ్రాముల చొప్పున 40 దగ్గరికి చేరుతుంది. చేరుతుంది అని స్త్రీలింగంలోనే అంటున్నాను. ఉదయం లేచి ముందు తను తాగి, అత్తమామలకి పెట్టి మరో సగం తాగి, మిగిలింది పారబొయ్యలేక తాగే ఛాయ్‌లని ఎవరు లెక్కపెట్టారు? 2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని అంచనా వేసింది. ఇంతమందిలో సీసాలు తాగని ఆడవాళ్లు బోలెడుమంది ఉండరా?

ఆ జాతీయ పోషకాహార సంస్థ మనకి దగ్గరే. దిల్‌సుఖ్‌నగర్ నుంచి తార్నాకకి బస్సులో పోవచ్చు. అది మొదలైంది మాత్రం 1918లో, నీలగిరుల్లోని కూనూరులో, రాబర్ట్ మెకారిసన్ నడిపిన బెరిబెరి పరిశోధన యూనిట్‌గా. 1958లో హైదరాబాద్ వచ్చింది, 1969లో ఇప్పటి పేరు పెట్టుకుంది. నూరేళ్ల పండగ దాటాక 'న్యూట్రిఫై ఇండియా నౌ' అనే యాప్‌నీ తెచ్చింది. అంటే తిండిని ఫోన్లో లెక్కపెట్టడం మన ఊళ్లో కూడా ఈ పిల్లలతో మొదలవలేదు. 1918 సంవత్సరంలోనే అమెరికాలో లూలూ హంట్ పీటర్స్ అనే డాక్టరు కేలరీలు లెక్కపెట్టుకోవడం నేర్పే పుస్తకం రాసింది. ఆ పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. ఒక రొట్టెముక్క అనకండి, నూరు కేలరీల రొట్టె అనండి అని ఆమె పాఠకురాళ్లకి చెప్పింది. అది యుద్ధకాలం, ఒంట్లో కొవ్వు దాచుకోవడం దేశద్రోహంలా మాట్లాడింది కూడా. ఒకే ఏడాది, భూమికి ఒకవైపు తిండి చాలనివాళ్ల రోగాన్ని లెక్కపెట్టడం, మరోవైపు తిండి ఎక్కువైన ఆడవాళ్ల నడుముల్ని లెక్కపెట్టడం మొదలైంది. ఫోన్లలో ఇప్పుడున్న ఈ యాప్‌లు రెండో దాని వంశమే. మధ్యతరగతి ఆడపిల్లల్ని అద్దం ముందు నిలబెట్టి సిగ్గుపడేలా చేసే స్వభావం వాటికి అక్కణ్ణించే వచ్చిందనుకుంటాను.

మన వంశంలో మాత్రం అంతా సవ్యంగా ఉందా? పోషకాహార సర్వేల్లో 'కన్సంప్షన్ యూనిట్' అని ఒక కొలత ఉంది. తేలికపని చేసే మగవాడు 1. తేలికపని చేసే స్త్రీ 0.8. బరువు పనిచేసే మగవాడు 1.6, అదే స్త్రీ అయితే 1.2. శరీరం బరువునీ కేలరీల అవసరాన్నీ బట్టి వేసిన లెక్కలే కావచ్చు, కానీ కుటుంబం తిండిని కొలిచే గజంబద్ద మగశరీరమే. ఐసీఎంఆర్ వర్ణించిన 'రిఫరెన్స్ స్త్రీ' ఇంకా ఆసక్తికరంగా ఉంటుంది. ఆమె రోజుకి ఎనిమిది గంటలు ఇంటిపనో, తేలికపాటి పరిశ్రమలో పనో చేస్తుందట. ఇంటిపని ఎనిమిది గంటలకి ముగిసే స్త్రీని నేనింతవరకూ చూడలేదు. అయినా ఒక మేలుంది: ఆ నిర్వచనం ఇంటిపనిని మధ్యస్థాయి శ్రమలో కలిపింది. మన పిల్లల యాప్‌లో 'మీ శ్రమస్థాయి' అనే చోట 'హౌస్‌వైఫ్' అని నొక్కితే 'కూర్చుని చేసే పని' అని వచ్చింది! ఎక్కడ తెచ్చారర్రా ఇది అంటే ఏదో విదేశీ యాప్ నుంచి తీసుకున్నామన్నారు. కాగితాలు చూపించాక మార్చారు.

ఇంక 1993 అక్టోబరు. ఈ నెలని మనం రెండు చరిత్రల్లో వేరువేరుగా చదువుకున్నాం. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకొచ్చిన ఆడవాళ్లు సారా దుకాణం మూయించడంతో మొదలై, 1992లో రాష్ట్రమంతా పాకిన ఉద్యమం ఫలితంగా ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం అమల్లోకొచ్చింది 1993 అక్టోబరు 1న. 1977లో దేశం వదిలిపోయిన కోకాకోలా తిరిగి వచ్చిందీ ఆ నెలలోనే, ఆగ్రాలో. థమ్స్ అప్, లిమ్కా, గోల్డ్ స్పాట్, మాజాలని పార్లే నుంచి కొనేసిందీ ఆ ఏడాదే. ఒకటి రెండోదానికి కారణమని నేననడం లేదు. కానీ పల్లెలో ఒక సీసా పగలగొట్టిన ఆడవాళ్లు, మార్కెట్లోకి దిగిన మరో సీసాని చూసి అనుమానించాల్సిన అవసరం అప్పుడు లేకపోయింది. అది మొగుణ్ణి కొట్టనివ్వదు, కూలిడబ్బు మొత్తం తాగెయ్యదు, పిల్లలు ఇష్టంగా తాగుతారు. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో ఎత్తేశారు. తెలంగాణ దావతుల్లో ఒకప్పుడు ఆడామగా కలిసి కల్లు తాగేవాళ్లు. ఇప్పుడు ఫంక్షన్ హాళ్లలో మగవాళ్ల బల్లమీద విస్కీ, ఆడవాళ్లకీ పిల్లలకీ పెద్ద కూల్ డ్రింక్ సీసా. ఆ సీసా మళ్లీ మగవాళ్ల గ్లాసుల్లో కలుపుకోవడానికి కూడా పోతుంది, అది వేరే సంగతి.

ఇంట్లో ఆడవాళ్లకి మిగిల్చిన ఈ పానీయం తెరమీద మాత్రం పూర్తిగా మగది. చిరంజీవి, ఆ తర్వాత మహేశ్ బాబు థమ్స్ అప్‌కీ, పవన్ కల్యాణ్ పెప్సీకీ ప్రకటనలు చేశారు. ఒక సీసా కోసం భవనాల మీంచి దూకే వీరులు! దాహమంటే మగతనం అన్నట్టు చూపించారు. 2003లో కోకాకోలా 200 మిల్లీలీటర్ల సీసాని అయిదు రూపాయలకి దింపింది. కిరాణాకొట్టు ముందు నిలబడి పిల్లలు సైతం కొనగలిగే ధర. ఆ ఆగస్టులోనే ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ శీతల పానీయాల్లో పురుగుమందుల అవశేషాలున్నాయని బయటపెట్టింది. మరుసటి ఏడాది పార్లమెంటు సంయుక్త సంఘం ఆ మాట నిజమేనంది. కేరళలో ప్లాచిమడ బావులు కోకాకోలా ఫ్యాక్టరీ వల్ల పాడయ్యాయని ఆదివాసీ స్త్రీ మయిలమ్మ ముందుండి నడిపిన పోరాటం 2002లో మొదలైంది. 2004 మార్చిలో ఫ్యాక్టరీ ఆగింది. అప్పట్లో మనం పురుగుమందుల గురించి మాట్లాడాం, నీళ్ల గురించి మాట్లాడాం, బహుళజాతి కంపెనీల గురించి మాట్లాడాం. ఆ సీసాలోని చక్కెర గురించి ఎంత తక్కువ మాట్లాడామో ఇప్పుడు వెనక్కి చూస్తే ఆశ్చర్యమేస్తుంది.

చక్కెరకి కూడా ఊరూ పేరూ ఉన్నాయి. 1937లో బోధన్‌లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీని 2002లో ప్రైవేటు చేతుల్లో పెట్టారు, 2015 చివర మూతపడింది. పక్క రాష్ట్రంలో మహారాష్ట్ర బీడ్ జిల్లా నుంచి చెరకు నరకడానికి వలసపోయే ఆడవాళ్లలో వేలమందికి గర్భసంచులు తీసేశారన్న సంగతి 2019లో పెద్ద చర్చ అయింది. నెలసరి రోజుల్లో పని మానితే జరిమానా. ఆలుమగలిద్దర్నీ కలిపి ఒక 'కొడవలి'గా లెక్కించి ముందుగా అప్పిస్తారు. కోకాకోలా, పెప్సీలకి చక్కెర అందించే మహారాష్ట్ర మిల్లుల వెనక ఈ శరీరాలున్నాయని 2024 మార్చిలో న్యూయార్క్ టైమ్స్ రాసింది. యాప్‌లో ఒక గ్రాము చక్కెర అంటే నాలుగు కేలరీలు, అంతే.

దిల్‌సుఖ్‌నగర్‌కి వస్తాను. ఈ యాప్ పిల్లలు ముందు అడిగింది ఇక్కడివాళ్లనే. చైతన్యపురి మెట్రో స్టేషన్ చుట్టూ కోచింగ్ సెంటర్లు, సందుసందునా లేడీస్ హాస్టళ్లు. నలుగురుండే గదిలో, రాత్రి మెస్ కూర నోట పెట్టలేక, ఒక కూల్ డ్రింకూ చిప్స్ ప్యాకెట్టూ తిని గ్రూప్స్‌కి చదువుకునే అమ్మాయిలు. వాళ్లకది అన్నానికి బదులు. మెయిన్ రోడ్డు మీద చీరల షాపుల్లో సేల్స్ గర్ల్స్ పొద్దున్నించీ రాత్రిదాకా నిలబడే ఉంటారు. పనిచోట కూర్చునే హక్కు కోసం కోళికోడ్ ఆడవాళ్లు పోరాడితే కేరళ 2018లో చట్టం మార్చింది, తమిళనాడు 2021లో చేసింది. ఇక్కడ ఒక సేల్స్ గర్ల్‌ని "కూల్ డ్రింక్ బదులు నీళ్లు తాగొచ్చు కదా" అని మా పిల్లలడిగితే, "నీళ్లు దాగితే పోవాలె గద చెల్లె, ఏడికి పోవాలె?" అంది. దూరంగా ఉన్న బాత్రూముకి పోయి రావడానికి ఫ్లోర్ సూపర్‌వైజర్ని అడగాలి. అందుకే రెండు గుక్కల్లో ఓపికనిచ్చేది కావాలి, కడుపు నింపేది కాదు. 'దాహమేస్తే నీళ్లే మేలు' అని యాప్ పంపే సందేశం ఆమె ఫోన్లో మోగితే ఏం చేస్తుంది?

ఎల్బీనగర్ వైపు మరో సంగతి తెలిసింది. సాగర్ రోడ్డు, విజయవాడ రోడ్డు పట్టుకుని నల్గొండ నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు ఇక్కడ ఎక్కువ. మర్రిగూడ, మునుగోడు వైపు ఊళ్లలో ఫ్లోరైడు నీళ్లు ఎముకలు వంచేసిన మనుషుల్ని చూసి పెరిగినవాళ్లు. ఆ నీళ్లలో ఫ్లోరైడు తగ్గించే 'నల్గొండ టెక్నిక్' అని నాగపూర్ నీరీ సంస్థ 1970లలో తయారుచేసిన పద్ధతికి ప్రపంచమంతా పేరుంది, బాధితులున్న జిల్లా పేరు పెట్టారు మరి. ఇప్పుడు కృష్ణా నీళ్లొస్తున్నా, ఇంటికొచ్చిన చుట్టానికి ఉత్త నీళ్లిచ్చి పంపడమంటే ఆ తరం పెద్దావిడలకి ఏదో లోటు. సీసా తెప్పిస్తారు. తాగనంటే నొచ్చుకుంటారు.

యాప్‌లో మొదట ఒక 'ఫ్యామిలీ గ్రూప్' ఉండేది. ఇంట్లో ఎవరెంత తాగారో అందరికీ తెలిసేలా. నలుగురి ఇళ్లలో వారంపాటు వాడి చూశారు. నాలుగిళ్లలోనూ అందరి లెక్కలూ అమ్మే ఎక్కించింది. ఒకింట్లో తండ్రి, భార్య తాగిన ఛాయ్‌ల సంఖ్య చూసి, "పంచదార ఇందుకే అయిపోతోందా" అన్నాడట. ఆ అమ్మాయి వచ్చి చెప్పినప్పుడు మిగతా ముగ్గురూ ఏం మాట్లాడలేదు. మర్నాటికి ఫ్యామిలీ గ్రూప్ తీసేశారు. ఎవరి లెక్క వాళ్లకే, ఫోన్ ఇద్దరు వాడినా పిన్ విడిగా. వరసగా ఎన్నిరోజులు మానేశారో చూపించి ఒక్కరోజు తప్పితే సున్నాకి దించే పద్ధతి కూడా వద్దన్నాను. వ్రతభంగం లాగుంది అది. ఆ అబ్బాయి చాలాసేపు వాదించాడు, అదుంటేనే జనం యాప్ తెరుస్తారని. చివరికి నెలకొక మొత్తం చూపించడానికి ఒప్పుకున్నాడు. ఛాయ్‌ని చేర్చారు, పానకం నా మాట విని చేర్చారు, చెంచా కొలతతో సహా.

పన్నులతో ఇదంతా అవుతుంది కదా అనేవాళ్లున్నారు. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడే గ్యాస్ పానీయాల మీద సెస్సుతో కలిపి 40 శాతం ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి సెస్సు తీసేసి నేరుగా 40 శాతం శ్లాబులో పెట్టారు. ధర అటూ ఇటూ కాకుండా చిన్న సీసాలు ఇంకా చిన్నవయ్యాయి, కొట్టులో అవే వేలాడుతున్నాయి. పనిమనిషికి విడిగా పెట్టిన గ్లాసులో పోసే, మూడు చెంచాల చక్కెర వేసిన ఛాయ్ మీద ఏ పన్నూ లేదు. తిండి పెట్టకుండా తీపి ఎక్కువేసి ఇవ్వడం మన ఇళ్లలో పాత అలవాటే.

'ఎందుకు తాగారు?' అనే ప్రశ్న కింద మొదట మూడే జవాబులుండేవి: దాహం, అలవాటు, ఫ్రెండ్స్. ఇప్పుడు 'అన్నం బదులు', 'నీళ్లు తాగే వీల్లేక', 'నిలబడలేక', 'ఇచ్చారు, కాదనలేక' అని మరో నాలుగు చేరాయి. ఆఖరిదాన్ని మర్యాద కింద లెక్కెయ్యాలా బలవంతం కింద లెక్కెయ్యాలా అని ఆ ముగ్గురమ్మాయిల మధ్య ఇంకా తగువు నడుస్తోంది.